గ్రీకు అక్షరాల గడప

పెన్సిల్వేనియా రాష్ట్రం నడిమధ్యలో, కొండల నడుమ ఉన్న ఊరి పేరు స్టేట్ కాలేజ్. ఊరి పేరులోనే కాలేజీ ఉంది. పెన్ స్టేట్ యూనివర్సిటీని అంటిపెట్టుకుని పెరిగిన ఊరది. ఏటా ఫిబ్రవరిలో, బయట ఎముకలు కొరికే చలి ఉండగా, అక్కడి బ్రైస్ జోర్డన్ సెంటర్ అనే స్టేడియంలో ఒక శుక్రవారం సాయంత్రం వందలమంది విద్యార్థులు లేచి నిలబడతారు. మళ్ళీ వాళ్ళు కూర్చునేది ఆదివారం సాయంత్రమే. 46 గంటలు కూర్చోకూడదు, కునుకు తీయకూడదు, ఆడుతూ పాడుతూ గడపాలి. శనివారం అర్ధరాత్రి దాటేసరికి మడమలు మండిపోతాయి, మోకాళ్ళు పట్టేస్తాయి. అప్పుడు స్నేహితులు వచ్చి భుజం ఆనిస్తారు, కాళ్ళు పిసుకుతారు, కబుర్లు చెప్పి నిద్ర ఆపుతారు. మధ్యమధ్య వేదిక మీదికి చిన్నపిల్లలు వస్తారు. కాన్సర్ తగ్గినవాళ్ళు కొందరు, ఇంకా మందులు వాడుతున్నవాళ్ళు కొందరు. వాళ్ళను చూసి స్టేడియమంతా కేకలతో హోరెత్తిపోతుంది. ఆఖర్న కొందరు విద్యార్థులు వరుసగా నిలబడి తలా ఒక అంకె రాసిన అట్ట పైకెత్తుతారు. ఆ అంకెలన్నీ కలిపి చదివితే ఆ ఏడాది వసూలైన చందా.

దీన్ని అక్కడ థాన్ అంటారు. 1973లో ఆ యూనివర్సిటీలోని ఫ్రెటర్నిటీల మండలి దీన్ని మొదలుపెట్టింది. మొదటి ఏడు 78 మంది పాల్గొంటే రెండు వేల డాలర్ల పైచిలుకు వచ్చింది. 1977 నుంచి ఆ డబ్బు హెర్షీ అనే ఊళ్ళో ఉన్న యూనివర్సిటీ పిల్లల ఆసుపత్రికి వెళుతోంది. అక్కడ కాన్సర్‌కు వైద్యం చేయించుకుంటున్న పిల్లల కుటుంబాలకు బీమా పోను మిగిలిన ఖర్చు ఫోర్ డైమండ్స్ అనే నిధి భరిస్తుంది. ఇవాళ ఏటా కోటి డాలర్లకు తగ్గడం లేదు. ఇప్పటిదాకా వచ్చింది 20 కోట్ల డాలర్లు దాటింది. ఇప్పుడు అందులో అన్ని రకాల విద్యార్థి సంఘాలూ చేరాయి గానీ, విత్తు వేసినవాళ్ళు మాత్రం ఫ్రెటర్నిటీ కుర్రాళ్ళే.

2017లో కూడా ఆ పండుగ జరిగింది, ఫిబ్రవరి 17న మొదలైంది. దానికి రెండు వారాల ముందు, ఫిబ్రవరి 2 రాత్రి, అదే ఊళ్ళో బీటా థీటా పై అనే ఫ్రెటర్నిటీ ఇంట్లో మరో వేడుక జరిగింది. కొత్తగా చేరుతున్న కుర్రాళ్ళకు ఆహ్వానం పలికే రాత్రి అది. 1839లో ఒహాయో రాష్ట్రంలో పుట్టిన పాత సంస్థ ఇది. ఆ ఇంట్లో మద్యం నిషేధమని కాగితం మీద ఉంది. అయినా కొత్తవాళ్ళను వరసలో నిలబెట్టి ఒక్కో మజిలీ దగ్గర ఆగి వోడ్కా, బీరు, వైను గబగబా తాగమన్నారు. వాళ్ళలో ఒకడికి 19 ఏళ్ళు, ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. అతను నేలమాళిగ మెట్ల మీద నుంచి పడిపోయాడు. మోసుకొచ్చి సోఫాలో పడుకోబెట్టారు. దొర్లి పడకుండా వీపుకి పుస్తకాల సంచీ తగిలించారు. సాయానికి ఎవరినైనా పిలుద్దామని ఒక కుర్రాడు అంటే అతన్ని నెట్టేశారు. తెల్లవారాక, మెట్ల మీద నుంచి పడినవాడు మళ్ళీ నేలమాళిగలో పడి ఉండగా చూశారు. అప్పుడైనా వెంటనే ఫోను చేయలేదు. మొదటిసారి పడినప్పటి నుంచి అంబులెన్సును పిలిచేదాకా దాదాపు 12 గంటలు గడిచాయి. ఇదంతా ఆ ఇంట్లోని కెమెరాల్లో నమోదైంది.

అతన్ని హెలికాప్టర్‌లో హెర్షీకి తీసుకువెళ్ళారు. థాన్ డబ్బుతో పిల్లలకు వైద్యం జరిగే ఆ ఆసుపత్రి ప్రాంగణానికే. ఫిబ్రవరి 4న అక్కడే చనిపోయాడు.

ఒకే ఊరు, ఒకే నెల, ఒకే ఆసుపత్రి. ముక్కూమొహం తెలియని పిల్లల కోసం 46 గంటలు నిలబడే సంప్రదాయాన్ని పెంచిన సంఘాలే, కళ్ళెదుట పడి ఉన్న తమ్ముడి కోసం ఒక్క ఫోను చేయలేకపోయాయి. ఫ్రెటర్నిటీ గురించి మాట్లాడేటప్పుడు ఈ రెండింటిలో ఒకటి చెప్పి ఒకటి దాచడం అన్యాయం. రెండూ అక్కడివే, రెండూ నిజమే. పైగా రెండింటికీ వేరు ఒకటే.

ఆ వేరు దొరకాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. లాటిన్‌లో ఫ్రాటర్ అంటే సోదరుడు. ఫ్రెటర్నిటీ అంటే అన్నదమ్ముల సంఘం. 1776 డిసెంబర్ 5న, అమెరికా స్వాతంత్ర్య ప్రకటన వెలువడి ఆర్నెల్లు కూడా కాకముందే, వర్జీనియాలోని విలియం అండ్ మేరీ కాలేజీలో కొందరు విద్యార్థులు ఒక రహస్య సంఘం పెట్టుకున్నారు. జ్ఞానం మీది ప్రేమే జీవితానికి చుక్కాని అనే అర్థం వచ్చే గ్రీకు మాటల్లోని మొదటి అక్షరాలు తీసి ఫై బీటా కప్పా అని పేరు పెట్టుకున్నారు. దానికో ప్రమాణం, ఒక గుర్తు, చేయి కలిపే రహస్య పద్ధతి ఉండేవి. ఉపాధ్యాయుల చెవిన పడకుండా తమకు నచ్చిన విషయాల మీద వాదించుకోవాలన్నది వాళ్ళ కోరిక. 1831 నాటికి అది రహస్యాలు వదిలేసి, ప్రతిభ గల విద్యార్థులకు దక్కే గౌరవంగా మారిపోయింది. కానీ గ్రీకు అక్షరాలు, ప్రమాణం, రహస్యం అనే అచ్చు మాత్రం మిగిలిపోయింది.

ఆ అచ్చులోంచి ఇవాళ మనం చూస్తున్న ఫ్రెటర్నిటీ న్యూయార్క్ రాష్ట్రంలోని యూనియన్ కాలేజీలో తయారైంది. 1825లో కప్పా ఆల్ఫా, 1827లో సిగ్మా ఫై, డెల్టా ఫై. ఆనాటి కాలేజీ జీవితం లాటిన్ వల్లెవేయడం, తెల్లవారుజామున ప్రార్థనలు, అడుగడుగునా అధ్యాపకుల నిఘా. ఇంటికి దూరంగా వచ్చిన పదహారు, పదిహేడేళ్ళ పిల్లలు తమకంటూ ఒక తలుపు కావాలనుకున్నారు. ఆ తలుపుకి తాళం తమ చేతిలోనే ఉండాలనుకున్నారు. తర్వాత తర్వాత హాస్టళ్ళు చాలని కాలేజీల్లో ఈ సంఘాలు సొంత ఇళ్ళు కొనుక్కున్నాయి, కట్టుకున్నాయి. తెల్లటి స్తంభాలు, ముంగిట పచ్చిక, గుమ్మం మీద రెండో మూడో గ్రీకు అక్షరాలు. ఆడపిల్లలు కూడా 1851లో జార్జియా రాష్ట్రంలోని మేకన్‌లో తమ సంఘం పెట్టుకున్నారు. ఆడవాళ్ళ సంఘాలకు సొరోరిటీ అన్న పేరు మాత్రం 1882లో సిరక్యూస్‌లో ఒక లాటిన్ అధ్యాపకుడు సూచించినది.

చేరే పద్ధతి ఎక్కడైనా ఇంచుమించు ఒకటే. సెమిస్టర్ మొదట్లో రష్ అని ఒక వారం పది రోజుల హడావిడి ఉంటుంది. పిల్లలు ఇల్లిల్లూ తిరిగి పరిచయాలు చేసుకుంటారు. ఇంట్లోవాళ్ళు లోపల కూర్చుని ఓట్లు వేసుకుంటారు. నచ్చినవాళ్ళకు బిడ్ ఇస్తారు, అంటే మాతో చేరు అన్న పిలుపు. బిడ్ అందుకున్నవాడు కొన్ని వారాలు ప్లెడ్జ్‌గా ఉంటాడు. సంస్థ చరిత్ర కంఠతా పట్టాలి, పెద్దవాళ్ళ పేర్లు నేర్చుకోవాలి, చెప్పిన పని చేయాలి. అతనికో బిగ్ బ్రదర్‌ని కేటాయిస్తారు. చివర్న రహస్యంగా దీక్ష. ఆ రోజు నుంచి ఆ అక్షరాలు చొక్కా మీద వేసుకునే హక్కు వస్తుంది, చందా కట్టే బాధ్యతా వస్తుంది.

ఇంత తతంగం ఎందుకని మన ఊళ్ళో హాస్టల్లో చదివినవాళ్ళకు అనిపించవచ్చు. నలభై వేలమంది చదివే ఒక యూనివర్సిటీలో అడుగుపెట్టిన పద్దెనిమిదేళ్ళ పిల్లవాడి స్థితిని ఊహించండి. అక్కడ మన క్లాసుల్లాగా ఒకే సెక్షన్ నాలుగేళ్ళు కలిసి కదలదు. ఒక్కో సబ్జెక్టుకి ఒక్కో గదిలో ఒక్కో గుంపు. సెలవు రోజున తిన్నావా అని అడిగేవాడుండడు. జ్వరం వస్తే తలుపు తట్టేవాడుండడు. అలాంటి చోట నలభై యాభై మంది ఒక్కసారిగా నువ్వు మావాడివి అంటే, ఆ మాట విలువ ఎంతో ఒంటరిగా పడుకున్నవాడికి తెలుస్తుంది. పాత నోట్సు చేతికొస్తుంది, ఎవరి దగ్గర ఏ కోర్సు తీసుకోవాలో చెప్పే సీనియర్ దొరుకుతాడు. ఇల్లు నడపడం, లెక్కలు చూడటం, పదిమందితో పేచీ లేకుండా బతకడం అలవడతాయి. నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ పర్డ్యూ యూనివర్సిటీలో చదివేటప్పుడు ఫై డెల్టా థీటా సభ్యుడు. 1969లో చంద్రుడి మీదికి వెళ్ళినప్పుడు ఆ ఫ్రెటర్నిటీ పిన్ను వెంట తీసుకువెళ్ళాడు. పదిహేను, ఇరవై ఏళ్ళ కిందటి ఒక కాలేజీ గుర్తును అంత దూరం మోసుకెళ్ళాడంటే అది ఆయనకు ఒట్టి లోహపు ముక్క కాదు.

లాభం డబ్బులో కూడా కనిపిస్తుంది. 2018లో యూనియన్ కాలేజీ ఆర్థికశాస్త్ర అధ్యాపకులు లూయిస్ డేవిస్, స్టీఫెన్ ష్మిట్ మరొకరితో కలిసి ఒక పరిశీలన అచ్చువేశారు. ఒక కాలేజీ పూర్వ విద్యార్థుల వివరాలు తీసుకుని చూస్తే, ఫ్రెటర్నిటీలో చేరినందువల్ల నాలుగు పాయింట్ల కొలమానం మీద మార్కులు పావు పాయింటు తగ్గాయి, తర్వాతి జీవితంలో ఆదాయం మాత్రం 36 శాతం దాకా పెరిగింది. ఇది ఒక్క కాలేజీ లెక్క, అన్నిటికీ అంటగట్టకూడదు. అయినా ఆలోచింపజేసే లెక్క. చదువు తగ్గి సంపాదన పెరిగిందంటే, ఆ పెరుగుదల తరగతి గదిలోంచి రాలేదన్నమాట. పరిచయంలోంచి వచ్చింది. ఎవరో ఒక అన్న ఎక్కడో ఒక కుర్చీలో ఉండి తలుపు తెరిచాడు.

తలుపు తెరవడం ఉన్నచోట తలుపు మూయడం కూడా ఉంటుంది. ఇరవయ్యో శతాబ్దం సగం గడిచేదాకా చాలా ఫ్రెటర్నిటీల నిబంధనల్లో తెల్లజాతివాళ్ళకూ, క్రైస్తవులకూ మాత్రమే ప్రవేశం అని రాసే ఉండేది. 1948లో ఆమ్‌హర్స్ట్ కాలేజీలో ఫై కప్పా సై శాఖ కుర్రాళ్ళు ఒక నల్లజాతి విద్యార్థిని తమలో చేర్చుకున్నారు. జాతీయ సంస్థ ఆ శాఖనే సస్పెండ్ చేసింది. కుర్రాళ్ళు తలవంచలేదు. స్నేహితుణ్ణి వదులుకోకుండా, పాత పేరు వదులుకుని సొంతంగా ఫై ఆల్ఫా సై అని పెట్టుకున్నారు. సోదరత్వమనే మాటకు ఇంతకంటే నిండైన అర్థం ఆ చరిత్రలో వెతికినా తేలిగ్గా దొరకదు.

అంతకు నలభై ఏళ్ళ ముందే, తలుపు మూసుకుపోయినవాళ్ళు తమ ఇల్లు తాము కట్టుకున్నారు. న్యూయార్క్ రాష్ట్రంలోని కార్నెల్ యూనివర్సిటీలో 1904-05లో చదివిన నల్లజాతి విద్యార్థుల్లో ఆరుగురు మరుసటి ఏడు తిరిగి రాలేదు. చలి ప్రదేశం, ఒంటరితనం, తోడుగా కూర్చుని చదువుకునేవాళ్ళు లేరు. మిగిలినవాళ్ళు ఒక చదువుల బృందంగా మొదలై 1906 డిసెంబర్ 4న ఆల్ఫా ఫై ఆల్ఫా అనే ఫ్రెటర్నిటీ పెట్టారు. ఆ ఏడుగురు స్థాపకుల్లో వర్ట్‌నర్ టాండీ తర్వాత పేరుమోసిన ఆర్కిటెక్ట్ అయ్యాడు. యూజీన్ కింకిల్ జోన్స్ నేషనల్ అర్బన్ లీగ్‌ను నడిపించాడు. ఆ సంఘంలోకి తర్వాత వచ్చినవాళ్ళలో డబ్ల్యూ. ఇ. బి. డుబోయిస్, జెస్సీ ఓవెన్స్, సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయిన థర్‌గుడ్ మార్షల్ ఉన్నారు. బోస్టన్‌లో పరిశోధన చేస్తున్న రోజుల్లో, 1952లో, మార్టిన్ లూథర్ కింగ్ చేరారు.

ఇక్కడ సభ్యత్వం కాలేజీతో తీరిపోదు. డిగ్రీ అందుకున్నాక ఊరి శాఖలో చేరతారు. యాభై ఏళ్ళవాళ్ళు, డెబ్భై ఏళ్ళవాళ్ళు సమావేశాలకు వస్తారు, పేదపిల్లలకు స్కాలర్‌షిప్పులిస్తారు, ఓటర్ల పేర్లు నమోదు చేయిస్తారు. సభ్యుడు చనిపోతే ఒమేగా చాప్టర్‌లో చేరాడంటారు. గ్రీకు అక్షరమాలలో ఆఖరి అక్షరం అది. అంత్యక్రియల్లో సోదరులంతా నిలబడి తమ పద్ధతిలో వీడ్కోలు చెబుతారు. కింగ్‌కు వాషింగ్టన్‌లో ఒక స్మారకం ఉండాలని 1984లో ఈ సంఘం సభ్యులే అనుకున్నారు. పార్లమెంటు అనుమతికి 1996 దాకా ఆగారు. 12 కోట్ల డాలర్లు పోగవ్వాలి. చివరికి 2011 అక్టోబర్‌లో ఆ శిల్పాన్ని జాతికి అంకితం చేశారు. ఇరవై ఏడేళ్ళ పాటు ఒక సోదరుడి పేరును మోసిన సంఘం అది.

ఆడవాళ్ళ వైపు ఆల్ఫా కప్పా ఆల్ఫా ఉంది. 1908లో వాషింగ్టన్‌లోని హోవార్డ్ యూనివర్సిటీలో పుట్టింది. తమిళనాడు నుంచి అమెరికా వెళ్ళిన శ్యామలా గోపాలన్ కూతురు కమలా హారిస్ హోవార్డ్‌లో చదివేటప్పుడు అందులో చేరారు. ఆమె ఎన్నికల్లో నిలబడినప్పుడు ప్రచార నిధికి 19 డాలర్ల 8 సెంట్ల చొప్పున విరాళాలు వచ్చిపడ్డాయి. అది సంఘం పుట్టిన ఏడాది అంకె. కవరు మీద పేరు చదవక్కర్లేదు, ఆ అంకె చూస్తే చాలు, పంపింది ఒక సోదరి అని తెలిసిపోయేది. 2021లో ఆమె దేశ ఉపాధ్యక్షురాలయ్యారు.

మన పిల్లలు ఈ కథలోకి కొంచెం ఆలస్యంగా వచ్చారు. హైదరాబాదు నుంచో, విజయవాడ నుంచో ఎం.ఎస్. చదవడానికి వెళ్ళేవాళ్ళకు ఫ్రెటర్నిటీ దూరపు సంగతి. అది డిగ్రీ చదివే పిల్లల లోకం. వీళ్ళు నలుగురైదుగురు కలిసి అపార్ట్‌మెంటు తీసుకుని, వంటకు వంతులు వేసుకుని, తమ సోదరత్వాన్ని కుక్కరు చుట్టూ కట్టుకుంటారు. కానీ టెక్సస్‌లోనో, న్యూజెర్సీలోనో పుట్టి పెరిగిన వాళ్ళ పిల్లల సంగతి వేరు. ఇంట్లో అమ్మానాన్నలతో తెలుగు, బడిలో ఇంగ్లీషు. రెండు చోట్లా ఎంతోకొంత పరాయితనం. 1990లలో ఆ తరం కాలేజీలకు చేరేసరికి దక్షిణాసియా పిల్లల కోసం ప్రత్యేకంగా గ్రీకు సంఘాలు పుట్టాయి. 1994లో బింగమ్‌టన్‌లో అయోటా ను డెల్టా, 1998లో ఆస్టిన్‌లో అబ్బాయిలకు డెల్టా ఎప్సిలాన్ సై, అమ్మాయిలకు కప్పా ఫై గామా, అదే ఏడు హ్యూస్టన్‌లో డెల్టా ఫై ఒమేగా, 1999లో లాస్ ఏంజెలెస్‌లో బీటా కై థీటా. తెలుగు, గుజరాతీ, పంజాబీ, మలయాళం ఇళ్ళ పిల్లలు అక్కడ ఒకే అక్షరాల కింద నిలబడ్డారు. దీపావళి చేసుకుంటారు, భాంగ్రా పోటీలకు వెళతారు. తల్లిదండ్రుల దేశమేదో, తమ దేశమేదో ఒకరికొకరు విడమర్చి చెప్పుకోనక్కర్లేని చోటు దొరకడం ఆ పిల్లలకు చిన్న విషయం కాదు.

అయితే వేదన తెలిసినవాళ్ళు కట్టుకున్న ఇల్లు కదా, అక్కడ హింస ఉండదనుకుంటే పొరపాటే. 2013 డిసెంబర్‌లో న్యూయార్క్‌లోని బరూక్ కాలేజీకి చెందిన పై డెల్టా సై అనే ఆసియన్ అమెరికన్ ఫ్రెటర్నిటీ కొత్త కుర్రాళ్ళను పెన్సిల్వేనియాలోని పొకొనో కొండలకు తీసుకువెళ్ళింది. అక్కడ గ్లాస్ సీలింగ్ అనే ఆచారం ఉంది. కళ్ళకు గంతలు కట్టి, వీపు మీద ఇసుక బరువు పెట్టి, గడ్డకట్టిన మైదానంలో నడవమంటారు. నడిచేవాణ్ణి సభ్యులు నెట్టేస్తారు, పడగొడతారు. ఆసియా నుంచి వచ్చినవాళ్ళు ఈ దేశంలో పడ్డ కష్టాలకు ఇది గుర్తని వాళ్ళు చెప్పుకున్నారు. తాతల అవమానాన్ని మనవడి వీపు మీద పెట్టి నడిపించారు. మొదటి సంవత్సరం విద్యార్థి ఒకడు స్పృహ తప్పాడు. వెంటనే అంబులెన్సును పిలవలేదు. లక్షణాలు ఇంటర్నెట్‌లో వెతికారు, బట్టలు మార్చారు, ఇంట్లో ఉన్న ఫ్రెటర్నిటీ గుర్తులు తీసి దాచమని ఒకరికొకరు చెప్పుకున్నారు. తర్వాత కారులో ఆసుపత్రికి తీసుకువెళ్ళారు. ఆ కుర్రాడు బతకలేదు. 2018లో కోర్టు ఆ సంస్థను పెన్సిల్వేనియాలో పదేళ్ళపాటు నిషేధించి, 1,12,500 డాలర్ల జరిమానా వేసింది.

గుర్తులు దాచమన్న ఆ మాట దగ్గర కొంచెం ఆగాలి. ఒక మనిషి ప్రాణం పోతూ ఉంటే ఆ ఇంట్లోవాళ్ళకు ముందు గుర్తొచ్చింది అక్షరాలు. పెన్ స్టేట్‌లో కూడా అంతే. ఇంటికి చెడ్డపేరు వస్తుంది, శాఖ మూసేస్తారు. ఈ భయం ముందు కాలేజీ కుర్రాడి తెలివి, జాలి రెండూ ఓడిపోయాయి. వాళ్ళు రాక్షసులు కారు. వేరే రోజున, వేరే చోట అదే పరిస్థితి చూస్తే చాలామంది పరుగెత్తి ఫోను చేసేవాళ్ళే. కానీ నెలల తరబడి వాళ్ళకు ఒకటే నేర్పారు: లోపలి మాట బయటికి పోకూడదు, ఒకడి తప్పు అందరిదీ, ఇంటి పేరు ముందు, నువ్వు తర్వాత. సోదరుణ్ణి 46 గంటలు నిలబెట్టే బలమూ ఆ పాఠంలోదే. నోరు నొక్కే బలమూ ఆ పాఠంలోదే.

కొత్తవాళ్ళను ఇలా హింసించడాన్ని అక్కడ హేజింగ్ అంటారు. మనకు తెలిసిన ర్యాగింగ్‌కి దగ్గరి చుట్టం. 1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ర్యాగింగ్ నిషేధ చట్టం చేసింది. 2009లో యూజీసీ దేశమంతటికీ నిబంధనలు తెచ్చింది. అయితే ర్యాగింగ్‌కీ హేజింగ్‌కీ ఒక తేడా ఉంది. ర్యాగింగ్‌లో కొత్తవాడు సీనియర్ల కంట పడకుండా తప్పించుకు తిరుగుతాడు. హేజింగ్‌లో వాడే వెతుక్కుంటూ వెళతాడు, డబ్బు కట్టి మరీ వెళతాడు. వద్దని తలుపు తీసుకుని బయటికి రావచ్చు, ఎవరూ తాళ్ళతో కట్టేయలేదు. అయినా రాడు. ఆరు వారాలు పడ్డ కష్టం వృథా అవుతుందనుకుంటాడు, పక్కనున్న ప్లెడ్జ్ భరిస్తుంటే తను పారిపోవడమేంటనుకుంటాడు, రేపటి నుంచి మళ్ళీ ఒంటరి అవుతానన్న దిగులు వేస్తుంది. ఇన్ని సంకెళ్ళు కంటికి కనబడవు. అందుకే అక్కడ చాలా రాష్ట్రాల చట్టాలు బాధితుడు ఒప్పుకున్నాడు కదా అనే వాదనను ఒప్పుకోవు. ఆ మాట చట్టంలోకి ఎక్కడానికి ఎంతమంది పిల్లలు పోవలసి వచ్చిందో తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది.

ఇది కొత్త జబ్బు కాదు. 1873 అక్టోబర్‌లో, కార్నెల్‌లోనే, కప్పా ఆల్ఫాలో చేరబోతున్న ఒక సైనికాధికారి కొడుకును దీక్ష పేరుతో రాత్రిపూట ఊరిబయటికి తీసుకువెళ్ళారు. చీకట్లో లోయ అంచు నుంచి జారిపడి చనిపోయాడు. కాలేజీకి వచ్చి కొన్ని వారాలే అయింది. పాత్రికేయుడు, అధ్యాపకుడు హ్యాంక్ న్యూవర్ ఇలాంటి మరణాల జాబితాను దశాబ్దాలుగా రాసి ఉంచుతున్నారు. 1959 నుంచి 2021 దాకా దాదాపు ప్రతి ఏడూ అందులో కనీసం ఒక పేరు చేరింది. 2017 సెప్టెంబర్‌లో, పెన్ స్టేట్ విషాదం జరిగిన ఏడు నెలలకే, లూసియానా స్టేట్ యూనివర్సిటీలో మరో కుర్రాడు పోయాడు. ఫ్రెటర్నిటీ గురించి అడిగిన ప్రశ్నలకు తప్పు జవాబు చెప్పినప్పుడల్లా గుక్కెడు మద్యం తాగించారు.

మిగతా బరువులు దీని ముందు చిన్నవే, కానీ ఉన్నాయి. సెమిస్టర్‌కి కొన్ని వందల డాలర్ల నుంచి కొన్ని వేల దాకా చందా. స్కాలర్‌షిప్ మీద చదివే పిల్లవాడికి అది తల్లిదండ్రులకు చెప్పుకోలేని అప్పు అవుతుంది. అమ్మాయిల పెద్ద సొరోరిటీల ఇళ్ళలో మద్యం ఉండకూడదన్నది నియమం. దాంతో పార్టీలన్నీ మగపిల్లల ఇళ్ళలోనే జరుగుతాయి. ఎవరు లోపలికి రావాలో, గ్లాసులో ఏం పోయాలో, తిరిగి ఎలా వెళ్ళాలో మగపిల్లలే నిర్ణయిస్తారు. ఆ ఏర్పాటు ఆడపిల్లలకు ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు. జాతి గోడలు కూడా పూర్తిగా కూలలేదు. 1963లో అలబామా గవర్నర్ జార్జ్ వాలెస్ నల్లజాతి విద్యార్థులను అడ్డుకోవడానికి యూనివర్సిటీ గుమ్మంలో నిలబడ్డాడు. సరిగ్గా 50 ఏళ్ళ తర్వాత, 2013లో, అదే యూనివర్సిటీ విద్యార్థి పత్రిక క్రిమ్సన్ వైట్ ఒక కథనం వేసింది. మంచి మార్కులున్న ఒక నల్లజాతి అమ్మాయిని చేర్చుకుందామని సొరోరిటీలోని పిల్లలంటే, పాతకాలపు సభ్యులైన పెద్దలు చేరనివ్వలేదని. విద్యార్థులు, అధ్యాపకులు ఊరేగింపు తీశారు. ప్రవేశాల గడువు మళ్ళీ తెరిచారు. పిల్లలకు లేని పట్టింపు పెద్దలకుంది అన్నది అందులో బాధపెట్టే సంగతి.

కొన్ని కాలేజీలు ఈ ముడి విప్పలేక మొత్తం తెంచేశాయి. విలియమ్స్ కాలేజీ 1962లో ఫ్రెటర్నిటీలను తొలగించాలని నిర్ణయించింది. తర్వాత కోల్బీ, ఆమ్‌హర్స్ట్, బోడిన్ అదే దారి పట్టాయి. అవన్నీ చిన్న కాలేజీలు. విద్యార్థులందరికీ హాస్టల్ ఇవ్వగలవు, అధ్యాపకులు పిల్లల్ని పేరుపెట్టి పిలవగలరు. నలభై వేలమంది ఉన్నచోట ఆ పని అంత తేలిక కాదు. సంఘం పేరు తీసేస్తే కుర్రాళ్ళు ఊరిబయట ఇల్లు అద్దెకు తీసుకుని అదే తతంగం నడుపుతారు, అప్పుడు అడిగే దిక్కు కూడా ఉండదు. సిగ్మా ఆల్ఫా ఎప్సిలాన్ 2014లో ప్లెడ్జ్ దశనే ఎత్తేసింది. బిడ్ ఇచ్చిన కొద్ది రోజుల్లోనే పూర్తి సభ్యత్వం ఇవ్వడం మొదలుపెట్టింది. కొత్తవాడు, పాతవాడు అనే అంతరువు ఉన్నంతకాలం పీడన ఉంటుందని గుర్తించడం మంచి అడుగే.

పెన్ స్టేట్ తన బీటా థీటా పై శాఖను శాశ్వతంగా మూసేసింది. పెన్సిల్వేనియా 2018లో హేజింగ్‌కు గట్టి శిక్షలతో చట్టం తెచ్చి, ఆ 19 ఏళ్ళ కుర్రాడి పేరే దానికి పెట్టింది. కేసులు ఏళ్ళ తరబడి సాగాయి. ఆనాటి శాఖ నాయకులిద్దరు 2024లో నేరం ఒప్పుకున్నారు. ఆ అక్టోబర్‌లో వాళ్ళకు రెండు నుంచి నాలుగు నెలల జైలు పడింది. ఈలోగా ఆ తల్లిదండ్రులు కాలేజీ కాలేజీకీ వెళ్ళి, కొడుకు వయసు పిల్లల ముందు నిలబడి, కొడుకు ఎలా పోయాడో చెప్పారు. ఒక్కో సభలో ఆ రాత్రిని మళ్ళీ మొదటినుంచి చెప్పాలి. అలా పిల్లల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులు నలుమూలల నుంచి కూడి పార్లమెంటు తలుపు తట్టారు. వాళ్ళదీ ఒక బంధుత్వమే, ఎవరూ కోరి చేరనిది.

2024 డిసెంబర్‌లో అధ్యక్షుడు జో బైడెన్ సంతకంతో దేశమంతటికీ ఒక చట్టం వచ్చింది. దాని ప్రకారం ప్రతి కాలేజీ హేజింగ్ ఘటనల లెక్కలు ప్రకటించాలి. తప్పు చేసినట్లు తేలిన విద్యార్థి సంఘాల జాబితా అందరికీ కనిపించేలా పెట్టాలి. ఇకనుంచి ఎడిసన్‌లోనో, ఇర్వింగ్‌లోనో ఒక తెలుగింట్లో, నాన్నా నాకు బిడ్ వచ్చింది అని ఫోనులో పిల్లవాడి గొంతు పొంగిపోతూ వినబడితే, ఆ తల్లీ తండ్రీ వద్దని కసరక్కర్లేదు, గుడ్డిగా సరే అననూ అక్కర్లేదు. ఆ కాలేజీ జాబితా తెరిచి చూడవచ్చు. అందులో సంఘం పేరుంటుంది. ఏ తేదీన ఏం జరిగిందో, విచారణ ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిసిందో, ఏ చర్య తీసుకున్నారో ఉంటుంది. రెండు వందల ఏళ్ళుగా ఇంటి నాలుగు గోడల మధ్య ఉండిపోయిన సంగతులు అవి. చూసి, పిల్లవాణ్ణి కూర్చోబెట్టి, ఒక్క ప్రశ్న అడగవచ్చు: ఆ ఇంట్లో అర్ధరాత్రి ఎవరైనా పడిపోతే ముందు ఎవరికి ఫోను చేస్తారని.